ఇంకేమైనా వేసుకున్నావా, తల్లీ?

తెనాలిలో మా మందుల షాపు కౌంటరు వెనక నేను నిలబడింది 35 ఏళ్ళు. 1984లో డి.ఫార్మసీ పూర్తిచేసి వచ్చేసరికి మా బజారులో కౌంటరు దగ్గర ఆడమనిషి కనిపించడం అరుదు. అందుకే కడుపుతో ఉన్నవాళ్ళు మా షాపు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. మగవాళ్ళు వెళ్ళిందాకా పక్కన నిలబడి, తర్వాత చీటీ ముందుకు జరిపి మెల్లిగా అడిగేవాళ్ళు: "నెల తప్పిందక్కా. ఈ బిళ్ళ వేసుకోవచ్చా?"

జవాబు చెప్పడానికి నా దగ్గర ఉన్నవి రెండే. ఒకటి మందుల పేర్లు, మోతాదులు, ధరలు ఉండే చిన్న పుస్తకం. రెండోది, బ్యాగు పట్టుకుని వచ్చే కంపెనీ రెప్పు నోటిమాట. పుస్తకంలో చాలా మందుల కింద 'గర్భిణులకు జాగ్రత్త' అని ఉండేది. ఎందుకు జాగ్రత్త, ఎన్నో నెలలో జాగ్రత్త, వేసుకుంటే ఏమవుతుంది, మానేస్తే ఏమవుతుంది, ఏ ఒక్కటీ ఉండేది కాదు. రెప్పును అడిగితే "సేఫేనండీ" అనేవాడు. ఆ మాట ఎవరు తేల్చారని అడిగితే బ్యాగు సర్దుకునేవాడు.

ఖాతా పుస్తకం వెనక పేజీల్లో ఆ ప్రశ్నలు రాసుకోవడం మొదలుపెట్టాను. ఏ మందు, ఎన్నో నెల, నేనేం చెప్పాను. షాపు మా మేనల్లుడికి అప్పజెప్పాక ఆ పుస్తకాలు ముందేసుకుని, ఒక్కో జవాబు అసలు ఎక్కణ్ణుంచి వచ్చిందో వెనక్కి చదువుకుంటూ వెళ్ళాను. అది హాంబర్గులో ఒక పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

పశ్చిమ జర్మనీలో కాంటర్గాన్ అనే నిద్రబిళ్ళ 1957 అక్టోబరు 1న అమ్మకానికొచ్చింది. లోపలి మందు థాలిడోమైడ్. తయారుచేసింది కెమీ గ్రూనెంథాల్. చీటీ లేకుండానే ఇచ్చేవాళ్ళు. 1958లో ఆ కంపెనీ, గర్భిణులకూ బాలింతలకూ ఇదే మేలైన మందు అని డాక్టర్లకు ఉత్తరాలు రాసింది. కడుపులో బిడ్డ మీద అది ఎలా పనిచేస్తుందో పరీక్షించి రాసిన మాట కాదది. పెద్దవాళ్ళకు ఎంత వేసినా ప్రాణం మీదికి రాదు కాబట్టి బిడ్డకూ రాదనుకున్నారు. వేవిళ్ళతో, నిద్రలేమితో బాధపడే ఆడవాళ్ళు వేసుకున్నారు. చేతులు, కాళ్ళు ఎదగకుండా, అరచెయ్యి భుజానికే అంటుకున్నట్టు పిల్లలు పుట్టడం మొదలైంది. 46 దేశాల్లో అమ్ముడైన ఆ మందు వల్ల 10,000 మందికి పైగా పిల్లలు దెబ్బతిన్నారు.

హాంబర్గు డాక్టరు విడుకిండ్ లెంజ్. ఆయన ఆ పిల్లల తల్లుల్ని వరసగా కలిసి, గర్భంతో ఉండగా ఏమేం తిన్నారు, ఏమేం వేసుకున్నారు అని అడిగాడు. మొదటిసారి అడిగినప్పుడు కాంటర్గాన్ పేరు చెప్పింది నూటికి ఇరవైమందే. ఆయనకు అనుమానం కుదిరాక ఆ మందు పేరే పెట్టి మళ్ళీ అడిగితే సగంమంది అవునన్నారు. మొదట ఎందుకు చెప్పలేదంటే, అంత నిరపాయమైన బిళ్ళను చెప్పదగ్గ విషయంగా అనుకోలేదన్నారు.

ఇది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. నా పుస్తకాల్లో "ఇంకేమీ వేసుకోలేదు" అని నేను రాసుకున్న గడులు ఎన్నో ఉన్నాయి. తలనొప్పి బిళ్ళను, దగ్గు మందును, ఆచారిగారిచ్చిన పొట్లాన్ని, నడుముకు రాసుకునే మందును మన ఆడవాళ్ళు మందుల్లో లెక్కవెయ్యరు. నేనూ రెండోసారి అడిగేదాన్ని కాదు.

లెంజ్ 1961 నవంబరు నడుమ కంపెనీకి చెప్పాడు. అది ఒప్పుకోలేదు. పత్రిక ఒకటి బయటపెట్టాక, అదే నెలాఖరుకు మందు వెనక్కి తీసుకున్నారు. ఇంచుమించు అదే సమయంలో సిడ్నీలో కాన్పుల డాక్టరు విలియం మెక్‌బ్రైడ్ ఇదే అనుమానాన్ని చిన్న ఉత్తరంగా లాన్సెట్ పత్రికకు రాశాడు. డిసెంబరు 16న అచ్చయింది. ఈయన పేరు గుర్తుంచుకోవాలి, కథలో మళ్ళీ వస్తాడు.

అమెరికాలో ఈ మందు దుకాణాలకు చేరకపోవడానికి కారణం ఫ్రాన్సెస్ కెల్సీ. 1960లో, మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏలో చేరిన నెలకే ఆమె బల్ల మీదికి ఈ మందు ఫైలు వచ్చింది, కొత్తగా చేరిన మనిషికి తేలికైన ఫైలని. అక్కడ దాన్ని అమ్మాలనుకున్న రిచర్డ్‌సన్-మెరెల్ కంపెనీ తొందరపెట్టింది. పై అధికారులకు ఫిర్యాదు చేసింది. ఆ ఏడాది డిసెంబరు 31న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక స్కాట్లాండ్ డాక్టరు, ఈ మందు చాలాకాలం వాడినవాళ్ళకు చేతులూ కాళ్ళూ తిమ్మిరెక్కుతున్నాయని ఉత్తరం రాశాడు. పెద్దవాళ్ళ నరాల మీద పనిచేసేది కడుపులో బిడ్డను ఏం చేస్తుందో చూపించమని ఆమె అడిగింది. కంపెనీ దగ్గర జవాబు లేదు. అనుమతికి ముందే డాక్టర్లకు పంచిపెట్టిన బిళ్ళల వల్ల అక్కడ కూడా 17 మంది పిల్లలు దెబ్బతిన్నారు. అయితే జర్మనీకి పట్టిన గతి అమెరికాకు తప్పింది. 1962 అక్టోబరులో, మందు పనిచేస్తుందని కూడా రుజువు చూపాకే అమ్మాలనే చట్టం వచ్చింది.

ఆ ప్రశ్న కెల్సీకి ఎలా తట్టిందో చెప్పాలి. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో షికాగోలో ఆమె మలేరియా మందుల మీద పనిచేసింది. పెద్ద కుందేలు శరీరం క్వినైన్‌ను విరిచేస్తుంది, గర్భంలో ఉన్న పిల్ల ఆ పని చెయ్యలేదు. ఆ సంగతి ఆమె కళ్ళతో చూసింది.

క్వినైన్ అంటే మన మన్యం గుర్తొస్తుంది. పాడేరు వైపు ఆస్పత్రుల్లో పనిచేసి వచ్చిన నర్సమ్మలు చెప్పేవాళ్ళు, కడుపుతో ఉన్నామె క్వినైన్ పేరు వింటే వణికిపోయేదని, దాంతో కడుపు పోతుందనే భయంతో. నిజానికి పోగొట్టేది జ్వరం. మలేరియాను వదిలేస్తే తల్లికీ బిడ్డకీ ముప్పు. అందుకే మొదటి మూడు నెలల్లో ఏళ్ళ తరబడి మన దేశంలో ఇచ్చింది క్వినైనే. కొత్తగా వచ్చిన ఆర్టిమెథర్-లూమెఫాంట్రిన్‌ను ఆ నెలల్లో దూరం పెట్టారు, చాలినన్ని వివరాలు లేవని. గర్భం సంగతి తెలియక దాన్ని వేసుకున్న ఆడవాళ్ళ వివరాలు దేశదేశాల నుంచి పోగుచేసి లెక్కకట్టాక, 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి మూడు నెలలకు కూడా దాన్నే సిఫారసు చేసింది. మందు మారలేదు. ఎవరో కూర్చుని అడిగారు, రాశారు, అంతే.

అడిగినవాళ్ళకే కాదు, చెప్పిన తల్లికి కూడా ఈ చరిత్రలో చోటుంది. బోస్టన్‌లో చిన్న వయసు ఆడపిల్లలకు, ఆ వయసులో దాదాపు ఎన్నడూ రాని యోని క్యాన్సరు వరసగా వచ్చింది. కారణం డాక్టర్లకు అందలేదు. ఒక అమ్మాయి తల్లే అడిగింది, నేను దీన్ని మోసేటప్పుడు గర్భం నిలవడానికి వేసుకున్న స్టిల్‌బెస్ట్రాల్ వల్ల కాదు కదా అని. ఆ ఒక్క మాట పట్టుకుని మిగతా తల్లుల్ని అడిగారు. 8 మంది తల్లుల్లో ఏడుగురు అదే వేసుకున్నారు. 1971లో డాక్టరు హెర్బ్‌స్ట్, ఆయన తోటివాళ్ళూ ఆ సంగతి అచ్చువేశారు. గర్భం నిలపడానికి ఆ మందు పనికిరాదని షికాగోలో 1953లోనే తేలింది. తేలాక కూడా పద్దెనిమిదేళ్ళు రాస్తూనే వచ్చారు.

ఇక మన దేశానికి, మా కౌంటరుకు వస్తాను. ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ హార్మోన్లు ఎక్కువ మోతాదులో కలిపిన బిళ్ళలు, ఇంజెక్షన్లు అప్పట్లో ఉండేవి. ఈపీ మందులు అనేవాళ్ళం. నెల తప్పినామె రెండు రోజులు వేసుకుంటే, గర్భం లేకపోతే ముట్టు వస్తుంది, ఉంటే రాదు. పరీక్షకని పుట్టిన ఈ పద్ధతి బజారుకొచ్చేసరికి 'ముట్టు తెప్పించే మందు' అయింది. గర్భం వద్దనుకున్నవాళ్ళు పోతుందనే ఆశతో కొనేవాళ్ళు. పోయేది కాదు. బిడ్డ అవయవాలు రూపుదిద్దుకునే రోజుల్లోనే, అంతంత హార్మోన్లు తల్లి ఒంట్లో చేరేవి.

బ్రిటన్‌లో ఇసబెల్ గాల్ అనే డాక్టరు 1967లోనే ఇలాంటి హార్మోన్ పరీక్షల మీద అనుమానం అచ్చువేసింది. అక్కడ 1978లో ఆ మందు ఆగింది. హాని ఎంతన్నది అక్కడ ఇప్పటికీ వాదంలోనే ఉంది. నాకు మాత్రం ఆ వాదం తేలనక్కర్లేదు. మూత్రంతో చేసే పరీక్ష 1960ల నుంచే ఉంది. అవసరమే లేని మందును గర్భిణి ఎందుకు మింగాలి? మన ప్రభుత్వం ఈపీ మందులను 1982లో నిషేధించింది. కంపెనీలు కోర్టుకెక్కి స్టే తెచ్చుకున్నాయి. మహిళా సంఘాలు, కొందరు డాక్టర్లు వదలకుండా పోరాడారు. బహిరంగ విచారణలు జరిగాయి. చివరికి 1988లో నిషేధం ఖాయమైంది.

నడుమ ఆ ఆరేళ్ళలో నాలుగేళ్ళు నేను కౌంటరు వెనకే ఉన్నాను. 1985లో ఒక వ్యవసాయ కూలీ ఆమె, ఇద్దరు పిల్లల తల్లి, పట్టణంలో ఒక డాక్టరు రాసిన చీటీతో వచ్చి ఈ బిళ్ళలు అడిగింది. ఇచ్చాను. చిల్లర తక్కువైతే తర్వాతిమ్మన్నాను. చట్టప్రకారం నేను చేసింది తప్పు కాదు, స్టే ఉంది. కానీ నిషేధం అనే మాట ఆపాటికి ఢిల్లీలో పుట్టి మూడేళ్ళయింది, నా దాకా రాలేదు. హోల్‌సేలు అతను చెప్పలేదు, రెప్పు చెప్పలేదు, నా పుస్తకంలో లేదు. ఒక మహిళా సంఘం వాళ్ళు 1987లో బజారులో పంచిన కరపత్రం చూసి తెలుసుకున్నాను. మందు గురించి నిజం నా దగ్గరికి మందుల దారిలో రాలేదు. ఆ రోజే షాపులో ఉన్న స్టాకు తిప్పి పంపేశాను. మా ఆయన ఒక్క మాట అనలేదు.

తర్వాతి కాలంలో మాకు ఐదు అక్షరాలు అందాయి. ఏ, బీ, సీ, డీ, ఎక్స్. అమెరికా ఎఫ్‌డీఏ 1979లో పెట్టిన వరస అది. పుస్తకాల్లో, తర్వాత ఫోనుల్లో, మందు పక్కనే అక్షరం ఉండేది. ఎంత హాయిగా అనిపించిందో! పరీక్ష మార్కుల్లా చదివేశాం. ఏ అంటే మంచిది, డీ అంటే చెడ్డది. కానీ ఎక్కువ మందులు పడింది 'సీ'లో. జంతువుల్లో ఏదో కనిపించి మనుషుల్లో చూడని మందూ అక్కడే, అసలెక్కడా చూడని మందూ అక్కడే. అంటే 'తెలియదు' అనే మాటకు మేమందరం ఒక గ్రేడు పెట్టి చదివాం. ఎక్స్ సంగతి ఇంకా అన్యాయం. మొటిమలకు మింగే ఐసోట్రెటినాయిన్ బిడ్డకు నిజంగా ఘోరమైన హాని చేస్తుంది, అది ఎక్స్. కుటుంబ నియంత్రణ బిళ్ళ కూడా ఎక్స్, గర్భిణికి దానితో పని లేదు కనక. ఈ తేడా తెలియక, బిళ్ళలు వేసుకుంటుండగానే నెల తప్పిన ఒకామె, ఎక్స్ అట కదా అని, కావాలనుకున్న బిడ్డను వద్దనుకోవడానికి సిద్ధపడి వచ్చింది. ఆమెను కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడి డాక్టరమ్మ దగ్గరికి పంపాను. నా పుస్తకాల్లో నేను గర్వంగా చూసుకునే పేజీ అది.

ఆ అక్షరాలను అమెరికానే 2015 జూన్ 30 నుంచి ఎత్తేసింది. అక్షరం బదులు మాటల్లో రాయాలి: ఎంతమందిలో చూశారు, ఏ నెలలో, జబ్బును వదిలేస్తే ఏమవుతుంది. ఆ ఆగస్టులోనే 101 ఏళ్ళ కెల్సీ కన్నుమూసింది. మన దగ్గర మాత్రం రెప్పులూ షాపులవాళ్ళూ ఇంకా 'క్యాటగిరీ బీ అండీ' అంటూనే ఉన్నారు.

భయం వల్ల కూడా హాని జరుగుతుందని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మన షాపుల్లో ఇప్పుడు వేవిళ్ళకు తరచుగా రాసేది డాక్సిలమిన్, బీ6 విటమిన్ జోడీ. ఇదే జోడీని, మొదట్లో ఇంకో మందు కూడా కలిపి, అమెరికాలో బెండెక్టిన్ పేరుతో 1956 నుంచి అమ్మారు. కంపెనీ, అక్కడ థాలిడోమైడ్ తేబోయిన ఆ మెరెల్లే. పిల్లల్లో లోపాలకు ఇదే కారణమని వందల వ్యాజ్యాలు పడ్డాయి. పరిశోధనల్లో హాని కనపడలేదు. అయినా కేసుల బరువు మొయ్యలేక 1983లో కంపెనీ ఆపేసింది. మందు పోయాక లోపాలతో పుట్టే పిల్లల సంఖ్య తగ్గలేదు. వాంతులతో ఆస్పత్రుల్లో చేరే గర్భిణుల సంఖ్య పెరిగింది. 2013లో అదే జోడీ కొత్త పేరుతో తిరిగి వచ్చింది. ముప్పై ఏళ్ళ పాటు ఆడవాళ్ళు ఊరికే వాంతులు చేసుకున్నారు.

ఆ వ్యాజ్యాల్లో మందుకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన ప్రముఖుల్లో విలియం మెక్‌బ్రైడ్ ఒకడు. 1961లో నిజం చెప్పిన అదే మనిషి. బెండెక్టిన్‌లో మొదట ఉన్న ఒక మందుకు దగ్గరి గుణాలున్న హయోసిన్‌ను గర్భిణి కుందేళ్ళకు ఇచ్చి పరీక్షించి, 1982లో వ్యాసం వేశాడు. అందులోని అంకెలు మార్చినవని ఆయన కింద పనిచేసే కుర్ర పరిశోధకులే బయటపెట్టారు. 1993లో డాక్టర్ల రిజిస్టరు నుంచి ఆయన పేరు కొట్టేశారు. ఈ సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు. ఒకసారి నిజం చెప్పినవాడు మరోసారి కూడా చెప్తాడని మనం నమ్ముతాం, పెద్ద డాక్టరుగారన్నారంటే ఇంకేం అడగం. మెక్‌బ్రైడ్ మొదటి ఉత్తరం నిలబడింది ఆయన పేరు వల్ల కాదు. హాంబర్గులోనూ తల్లులు అదే చెప్పారు కనక నిలబడింది.

మన ఆడవాళ్ళను అడిగి రాసుకున్నవాళ్ళు మన దగ్గరా ఉన్నారు. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో 1998లో, మూర్ఛ ఉన్న గర్భిణుల కోసం ఒక రిజిస్టరు తెరిచారు. గర్భం రాకముందు నుంచో, మొదటి నెలల నుంచో పేరు రాసుకుని, ఏ మందు ఎంత మోతాదులో వాడుతున్నారో చూసి, బిడ్డ పుట్టాక ఏళ్ళ తరబడి ఎదుగుదల గమనించారు. వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందు తీసుకున్న తల్లుల బిడ్డల్లో లోపాలు ఎక్కువని, మోతాదు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుందని ఈ రిజిస్టరూ, విదేశీ రిజిస్టర్లూ ఒకే మాట చెప్పాయి. పుట్టుక లోపాలు మామూలుగా వందకు ముగ్గురు బిడ్డల్లో ఉంటే, వాల్‌ప్రోయేట్ వాడితే పదిమంది దాకా. చాలామంది మూర్ఛ రోగులకు ఆరోగ్యమైన బిడ్డలే పుడతారని కూడా అవే రిజిస్టర్లు చెప్పాయి. కాబట్టి మందు మార్చాలంటే గర్భానికి ముందే డాక్టరుతో కూర్చుని మార్చుకోవాలి. నెల తప్పిందని తెలిసిన రోజున అత్తగారు స్ట్రిప్పు తీసి అవతల పారేస్తే కాదు. మా పక్క ఊరి పిల్లకు అలాగే జరిగి, ఐదో నెలలో నూతి దగ్గర ఫిట్స్ వచ్చి పడింది. దేవుడి దయవల్ల ఇద్దరూ దక్కారు.

నన్ను ఇప్పటికీ ఫోన్లలో అడుగుతారు. 2025 సెప్టెంబరులో డాలస్ నుంచి మా చెల్లెలి కోడలు, ఆరో నెల, 101 జ్వరంతో చేసింది. గర్భిణులు పారాసిటమాల్ వేసుకుంటే పిల్లలకు ఆటిజం వస్తుందని ఆ దేశాధ్యక్షుడే టీవీలో చెప్పాడట. నేను ఆమెకు స్వీడన్ లెక్క చెప్పాను. 24 లక్షలకు పైగా పిల్లల వివరాలు తీసి, ఒకే తల్లి బిడ్డల్లో, వేసుకున్న కాన్పునూ వేసుకోని కాన్పునూ పోల్చి చూసి 2024లో అచ్చువేశారు. సంబంధం కనపడలేదు. జ్వరాన్ని అలా వదిలెయ్యడం మంచిది కాదన్నాను. అమెరికాలో 'మదర్ టు బేబీ' అనే ఉచిత సలహా సేవ ఉంది, అక్కడ అడగమన్నాను. బ్రిటన్ వాళ్ళ 'బంప్స్' కాగితాలు కూడా నాకు నచ్చుతాయి, ఏ మందును ఎంతమందిలో చూశారో దాచకుండా చెప్తాయి. మన దేశంలో మందు వల్ల ఏదైనా జరిగితే చెప్పుకోవడానికి 2010లో మొదలైన ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం ఉంది, టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. ఎవరైనా చెయ్యచ్చు, తల్లి కూడా. తెలుగులో బంప్స్ లాంటి కాగితం ఒక్కటైనా ఉండి ఉంటే, నా 35 ఏళ్ళలో ఎన్ని చీటీలకు సరైన జవాబు చెప్పి ఉండేదాన్నో.

మొన్న సంక్రాంతికి మా వీధి అమ్మాయి వచ్చింది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రెండో నెల. వేసుకుంటున్నవన్నీ ఫోనులో వరసగా రాసుకొచ్చింది. ఫోలిక్ యాసిడ్, థైరాయిడ్ బిళ్ళ, గ్యాస్‌కి ఒకటి. అన్నీ చూసి, డాక్టరమ్మకు చూపించాల్సినవి గుర్తుపెట్టి, ఇంకేమైనా వేసుకున్నావా తల్లీ అని అడిగాను. ఏం లేదు పెద్దమ్మా అంది. మళ్ళీ అడిగాను, వాళ్ళమ్మ ఇచ్చినవి, ఒంటికి రాసుకునేవి, స్నేహితురాలు ఇచ్చినవి ఒక్కొక్కటీ పేరుపెట్టి. ఆలోచించి లేదంది. గుమ్మం దాటి చెప్పులు వేసుకుంటూ ఆగింది.

"మొటిమలకని పోయినేడు డాక్టరు రాసినవి కొన్ని మిగిలితే, మొన్నటిదాకా అప్పుడప్పుడూ వేసుకున్నా. అవి కూడా చెప్పాలా?"

"స్ట్రిప్పు ఉందా ఇంట్లో?" అని, కళ్ళజోడు కోసం లోపలికి వెళ్ళాను.